మతం మీద ఎమ్మే: చెన్నైలో బోర్డు ఒకటి కాదు, ఆరు

రిలీజియస్ స్టడీస్‌లో ఎమ్మే చేద్దామని చెన్నైలో ఎవరైనా గూగుల్‌లో వెతకడం మొదలుపెడితే మొదటి గంటలోనే విసుగొస్తుంది, ఎందుకంటే ఆ పేరుతో కోర్సు చటుక్కున కనబడదు. అలాగని ఆ చదువే ఇక్కడ లేదనుకుంటే పొరపాటు. బీచ్ రోడ్డు మీద చెపాక్ దగ్గర మద్రాసు యూనివర్సిటీ ఉంది కదా, 1857 నాటిది, అందులో ఫిలాసఫీకి ఒక డిపార్ట్‌మెంట్, వైష్ణవానికి ఒకటి, శైవ సిద్ధాంతానికి ఒకటి, జైనానికి ఒకటి, క్రైస్తవానికి ఒకటి, ఇస్లాంకి ఒక సెంటర్ ఉన్నాయి. లెక్కేస్తే ఆరు తలుపులు. తత్వం, మత చింతన అని ఒకే స్కూల్ పేరు కింద అన్నిటినీ కలిపి ఉంచారు గానీ లోపలికి వెళ్లాలంటే మాత్రం ఏదో ఒక తలుపు తట్టాల్సిందే.

పేర్ల గొడవే కదా అనిపిస్తుంది గానీ అసలు విషయం ఇక్కడే ఉంది. ఇంగ్లాండ్‌లో లాంకాస్టర్ యూనివర్సిటీలో 1967లో నినియన్ స్మార్ట్ అనే ఆయన రిలీజియస్ స్టడీస్ డిపార్ట్‌మెంట్ పెట్టినప్పుడు ఆలోచన ఇంకోలా ఉండింది. ముందు మతాన్ని ఎలా చూడాలో నేర్పించి, తర్వాత ఏ మతాన్నయినా ఆ కళ్లతో చూడమన్నారు. ఏ మతంలోనైనా ఆచారం, కథ, అనుభవం, సిద్ధాంతం, నీతి, సంఘం, వస్తువులు అని ఏడు వైపులు ఉంటాయని ఆయన లెక్క. మన దగ్గర వరస తిరగబడింది, స్టూడెంట్ ముందు మతాన్ని ఎంచుకుంటాడు, దాన్ని ఎలా చూడాలన్నది రెండో సెమిస్టర్‌లోనో డిసర్టేషన్ టైములోనో తెలుసుకుంటాడు, పెళ్లయ్యాక జాతకాలు చూపించుకున్నట్టు. ఇందులో లాభం కూడా ఉంది, ఒక సంప్రదాయంలోకి లోతుగా దిగొచ్చు, మూల గ్రంథాలు అక్షరం అక్షరం చదవొచ్చు, పైపైన పది మతాలు ముట్టుకుని వచ్చేయడం కన్నా అది చాలా మేలు. నష్టమేంటంటే పక్క గదిలో ఏం చదువుతున్నారో తెలీకుండానే రెండేళ్లు గడిచిపోవచ్చు.

కాబట్టి అడ్మిషన్ ఫారం నింపే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. ఆ డిపార్ట్‌మెంట్‌లో మతాన్ని నేర్పుతారా, మతం గురించి నేర్పుతారా? ఈ రెంటికీ మధ్య గీత గీయడం చెప్పినంత తేలిక కాదు, అందుకు మంచి ఉదాహరణ చెన్నైకి కాస్త దక్షిణంగా సముద్రం ఒడ్డునే జరిగింది. 1706లో బార్తొలొమేయస్ జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ పాదిరీ తరంగంబాడిలో దిగాడు, అప్పుడది డేనిష్ వాళ్ల చేతిలో ఉంది. వచ్చింది మతం మార్చడానికే. కానీ తమిళం నేర్చుకుని, జనాన్ని అడిగి, తాటాకు పుస్తకాలు పోగేసి, 1713కల్లా దక్షిణాది దేవుళ్ల వంశావళి లాంటి పెద్ద పుస్తకం రాసేశాడు, శివుడూ విష్ణువూ మాత్రమే కాదు, ఊరి పొలిమేర అమ్మవార్లతో సహా. దాన్ని జర్మనీలో హాలె ఊరికి పంపిస్తే అక్కడి మిషన్ పెద్దలు అచ్చు వేయలేదు. నిన్ను పంపింది ఆ నమ్మకాలని అక్కడ తుడిచేయడానికి, ఇక్కడ యూరప్‌లో ప్రచారం చేయడానికి కాదు అన్నట్టు వాళ్ల ధోరణి. చివరికి అది 1867లో మద్రాసులో అచ్చయింది, నూట యాభై నాలుగేళ్లకి. మార్చాలని వచ్చినవాడు శ్రద్ధగా వర్ణించాడు, ఆ వర్ణన చూసే సొంతవాళ్లు భయపడ్డారు. ఆ పుస్తకం ఏ బీరువాలో పెట్టాలి, మత ప్రచారంలోనా, మత అధ్యయనంలోనా? రెండింటిలోనూ పెట్టాలి, అదే చిక్కు.

ఇక ప్రభుత్వ యూనివర్సిటీలో మతం గురించి చదవడానికి చట్టం ఒప్పుకుంటుందా అని కొందరికి డౌటు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన ఉండకూడదు. మత బోధన, మత అధ్యయనం ఒకటి కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 1971లో పంజాబ్ డీఏవీ కాలేజీ కేసులో గురునానక్ జీవితం, బోధనల మీద యూనివర్సిటీలో స్టడీ, రీసెర్చ్ పెడితే అది మత బోధన కింద రాదంది. 2002లో అరుణా రాయ్ కేసులో స్కూలు సిలబస్ విషయంలోనూ దాదాపు ఇదే మాట. అంతకు ముందే, 1948-49లో రాధాకృష్ణన్ అధ్యక్షతన వచ్చిన యూనివర్సిటీ విద్యా కమిషన్ డిగ్రీ మొదటి ఏడు బుద్ధుడు, కన్ఫ్యూషియస్, ఏసు, శంకరుడు, రామానుజుడు, మహమ్మద్, కబీర్, నానక్ లాంటి వాళ్ల జీవితాలూ, రెండో ఏడు గ్రంథాల నుంచి ఏరిన భాగాలూ, మూడో ఏడు మత తత్వశాస్త్రంలో ముఖ్యమైన సమస్యలూ చెప్పమంది. ఎక్కువ చోట్ల అది కాగితం మీదే ఉండిపోయింది, డిగ్రీలో ఆ పునాది పడకపోవడంతో ఎమ్మేలో చేరేవాళ్లు చాలామంది నేరుగా మొదటి అంతస్తు నుంచి ఎక్కుతున్నారు.

రాధాకృష్ణన్ పేరు ఊరికే రాలేదు. ఈ మొత్తం సబ్జెక్టులో మన తెలుగువాళ్లకి, అదీ మద్రాసు తెలుగువాళ్లకి, అంతకన్నా దగ్గర ఉదాహరణ ఇంకోటి లేదు. తిరుత్తణిలో తెలుగు ఇంట్లో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో (అప్పటికింకా తాంబరం వెళ్లలేదు, జార్జిటౌన్‌లోనే ఉంది, 1937లో మారింది) ఫిలాసఫీ తీసుకున్నాడు, అది కూడా కజిన్ చదివేసిన పాఠ్య పుస్తకాలు చేతికొచ్చాయి కాబట్టి అంటారు, అంటే పెద్ద జ్ఞానోదయమేం కాదు, పుస్తకాల ఖర్చు. క్లాసులో మిషనరీ ప్రొఫెసర్లు వేదాంతంలో నీతికి చోటు లేదని అంటుంటే ఆయనకి గుచ్చుకుంది, 1908లో వేదాంతంలో నీతి మీదే థీసిస్ రాశాడు, ఆయన్ని అంతగా గుచ్చిన వాళ్లలో ఒకరైన ఎ.జి. హాగ్ అనే ప్రొఫెసరే దాన్ని మెచ్చుకున్నాడు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతి శాస్త్రం పీఠానికి ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన రాసినదంతా పక్షపాతం లేని వర్ణన అని ఎవరూ అనరు, తన ఇంటిని బయటివాళ్ల మాట నుంచి కాపాడుకుంటూ రాసిన రాత అది, దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. భక్తుడైనా నాస్తికుడైనా ఈ చదువుకి పనికొస్తాడు, తన భక్తో తన కోపమో పేజీలో ఎక్కడ కూర్చుందో తనకి తెలిసి ఉంటే చాలు.

ఒక్కో తలుపు ఒకే విషయాన్ని ఎంత వేరుగా చూస్తుందో తెలియాలంటే షావుకారుపేట వైపు వెళ్లాలి. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకి చెన్నై నుంచి గొడుగులు వెళ్తాయి, చెన్నకేశవ పెరుమాళ్ గుడి దగ్గర బయల్దేరి ఎలిఫెంట్ గేట్ దాటి నడకన కొండకి చేరతాయి, ఆ రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లకి బాగా తెలుసు. వైష్ణవం డిపార్ట్‌మెంట్‌లో ఇదే టాపిక్ తీసుకుంటే ఆగమాల్లో, అంటే గుడి పూజలు ఎలా జరగాలో చెప్పే గ్రంథాల్లో, ఉత్సవ విధానం, గొడుగు అంటే ఆదిశేషుడు, కైంకర్యం అనే భావం, వీటి మీద డిసర్టేషన్ వస్తుంది. హిస్టరీ వాళ్లు ఇంకో చోట తవ్వుతారు, ఆ గుడి మొదట ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఉండేది, 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వాళ్లు దాన్ని తీసేయించి వేరే చోట కట్టుకోమన్నారు, అప్పుడు ఎవరు డబ్బు పెట్టారు, ఎవరికి ముందు మర్యాద దక్కింది, ఇవీ వాళ్ల ప్రశ్నలు. ఆంత్రోపాలజీ వాళ్లకి దారిలో కొబ్బరికాయ కొట్టే ఆవిడ ఏమనుకుంటోందో కావాలి. రిలీజియస్ స్టడీస్ అంటే ఈ మూడూ ఒకే బల్ల మీద పెట్టుకుని వీటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందో తేల్చుకోవడం. చెన్నైలో ఆ బల్ల రెడీమేడ్‌గా దొరకదు, ఎవరిది వాళ్లు వేసుకోవాలి, అంటే గైడ్ ఒక డిపార్ట్‌మెంట్‌లో ఉన్నా పక్క డిపార్ట్‌మెంట్ క్లాసుల్లో కూర్చోనిస్తారా, ఎలెక్టివ్‌గా తీసుకోనిస్తారా అని ముందే అడిగి పెట్టుకోవాలి.

ఇంకో దారి థియాలజీ కాలేజీలు, అంటే క్రైస్తవ మత సిద్ధాంతం చెప్పేవి. చెన్నైలో కీల్పాక్‌లో గురుకుల్ లూథరన్ కాలేజీ, బెంగళూరులో మిల్లర్స్ రోడ్డులో 1910లో మొదలైన యునైటెడ్ థియోలాజికల్ కాలేజీ, ఈ రెండూ సేరంపూర్ సెనేట్ కింద నడుస్తాయి. సేరంపూర్ కథ తమాషాగా ఉంటుంది, కలకత్తా పక్కన విలియం కేరీ వాళ్లు 1818లో కాలేజీ పెట్టారు, ఆ ఊరు అప్పుడు డేనిష్ వాళ్లది కాబట్టి 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే చార్టర్ ఇచ్చాడు, 1918లో బెంగాల్ చట్టం దాన్ని గట్టిపరిచింది, ఇప్పటికీ మన దగ్గర బీడీలూ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) ఎంటీహెచ్‌లూ (మాస్టర్ ఆఫ్ థియాలజీ) ఆ లెక్కలోనే వస్తున్నాయి. యునైటెడ్ థియోలాజికల్ కాలేజీలో రిలీజియన్స్ అని వేరే శాఖ ఉంది, లైబ్రరీ గొప్పది. నిజం చెప్పాలంటే మతాల మధ్య సంభాషణ అనే విషయంలో బెంగళూరు చెన్నై కన్నా ముందుంది. మద్రాసులోనే పుట్టిన పి.డి. దేవానందన్ 1957లో బెంగళూరులో మతం, సమాజం మీద అధ్యయన సంస్థ పెట్టాడు, ఆయన తర్వాత ఎం.ఎం. థామస్ నడిపాడు. హోసూరు రోడ్డులో ధర్మారామ్‌లో క్యాథలిక్కులు ఫిలాసఫీ, థియాలజీ రెండూ చెప్తారు, హిందూ దర్శనాలు కూడా అక్కడ గట్టిగానే చదువుతారు. పైగా ఊళ్లోనే చైత్ర పౌర్ణమికి కరగ ఊరేగింపు ఉంది, ధర్మరాయస్వామి గుడి నుంచి ద్రౌపదమ్మ కరగని, అంటే పూలతో అలంకరించిన కుండని, తలమీద మోసేవాడు కాటన్‌పేటలో తవక్కల్ మస్తాన్ దర్గాకి వెళ్లి వస్తాడు. ఫీల్డ్‌వర్క్ టాపిక్ గుమ్మంలోకి నడిచొచ్చినట్టే.

ఈ కాలేజీల్లో చేరే ముందు ఒకటి చూసుకోవాలి, చర్చి పనిలోకి వెళ్లేవాళ్ల కోసం తయారైన కోర్సు ఇది, చాలా చోట్ల ఎంటీహెచ్‌కి ముందు బీడీ ఉండాలంటారు. ఆ డిగ్రీని వేరే యూనివర్సిటీలు ఎమ్మేకి సమానంగా లెక్కిస్తాయా అన్నది చోటుని బట్టి మారుతుంది, తర్వాత పీహెచ్‌డీ ఎక్కడ చేయాలనుకుంటున్నారో ఆ యూనివర్సిటీ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా కనుక్కోవడం మంచిది. నోటిమాట పనికిరాదు.

ఇప్పుడు భాషలు. ఈ చదువులో అసలు పెట్టుబడి డబ్బు కాదు, భాషలే. శైవ సిద్ధాంతం అంటే తిరుమురై అనే శివభక్తి సంపుటాలు పన్నెండూ, మెయ్‌కండ శాస్త్రాలనే సిద్ధాంత గ్రంథాలు పద్నాలుగూ తమిళంలో చదవాలి, వైష్ణవం అంటే ఆళ్వార్ల పాటలైన నాలాయిర దివ్యప్రబంధం తమిళం, దాని వ్యాఖ్యానాలు తమిళం, సంస్కృతం కలగలిసిన మణిప్రవాళం, పైన సంస్కృతం. అరబీ రాకుండా ఇస్లామిక్ స్టడీస్ కొంతవరకే వెళ్తుంది. ఇక్కడ చెన్నై తెలుగువాళ్ల పరిస్థితి విచిత్రంగా ఉంటుంది. పాత తరం వాళ్లకి తమిళం నోటికొచ్చు, చదవడం అంతంతమాత్రం, తెలుగు మాత్రం చదువుతారు. 2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చాక స్కూలుకెళ్లిన పిల్లలకి ఉల్టా, తమిళం చక్కగా చదువుతారు, తెలుగు ఇంట్లో మాట్లాడతారు కానీ అక్షరాలు కూడబలుక్కోవాలి. రెండు లిపులూ గడగడా చదివే మనిషి ఇంటికొకరు కూడా దొరకరు. ఆ ఒక్కరు దొరికితే మాత్రం వాళ్ల ముందు పొలం దున్నకుండా పడుంది.

కన్నప్పనే తీసుకోండి. శ్రీకాళహస్తి కథ, చెన్నై నుంచి బస్సెక్కితే మధ్యాహ్నానికి దర్శనం చేసుకుని తిరిగి రావొచ్చు. ఆ బోయవాడు తమిళంలో సేక్కిళార్ చేతిలో 12వ శతాబ్దపు పెరియపురాణంలో ఒక రకంగా ఉంటాడు, 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో వీరశైవుల కోపంతో కలిసి ఇంకో రకంగా వస్తాడు, 16వ శతాబ్దంలో ధూర్జటి దగ్గరకొచ్చేసరికి తిన్నడై స్థలపురాణంలోకి, ప్రబంధంలోకి చేరతాడు. ఒకే కన్ను, ఒకే బాణం, మూడు రకాల భక్తి. దీని మీద థీసిస్ రాయాలంటే అటు తమిళం ఇటు తెలుగు రెండూ కావాలి, తమిళ డిపార్ట్‌మెంట్ వాళ్లకి ఇటు గోడ, తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లకి అటు గోడ.

తెలుగు మతాల మీద ఈ మధ్య బాగా చదవబడే పనులు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూస్తే కొంచెం చివుక్కుమంటుంది. తిరుపతి గంగమ్మ జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ అమెరికాలో ఎమరీ యూనివర్సిటీ నుంచి రాసింది, అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండగ మీద అఫ్సర్ మొహమ్మద్ రాసిన పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసింది, కూచిపూడిలో ఆడవేషం కట్టే బ్రాహ్మణ మగవాళ్ల మీద హర్షిత మృత్తింటి కామత్ 2019లో తెచ్చిన పుస్తకం కాలిఫోర్నియా ప్రెస్‌ది, అది ఆన్‌లైన్‌లో ఫ్రీగా చదువుకోవచ్చు. బయట నుంచి రాయడం తప్పని కాదు, అవి మంచి పుస్తకాలు, ఎమ్మేలో చేరకముందే చదవాల్సినవి. చిక్కేమిటంటే గంగమ్మ ఇంటి పక్కన ఉండేవాడు ఆ జాతర మీద చదవాలనుకుంటే ఇంగ్లీషు పుస్తకం కొనాల్సొస్తోంది.

సరే, ఇంట్లో అడిగే ప్రశ్న. "ఏం నాయనా, ఇది చదివి గుళ్లో అర్చకత్వం చేస్తావా?" కాదు, అర్చకత్వానికి పాఠశాలలు వేరు, ఈ ఎమ్మేతో ఎవరూ గర్భగుడిలోకి రానివ్వరు. మరి జీతం ఎక్కడి నుంచి? దాచడానికేం లేదు, ఉద్యోగాలు తక్కువ. టీచింగ్ అయితే లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయాలి, ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, అందులో మతాల తులనాత్మక అధ్యయనం అని విడిగా పేపరే ఉంది, బౌద్ధ, జైన, గాంధేయ, శాంతి అధ్యయనాలు అని ఇంకోటి, ఫిలాసఫీ సరేసరి. ఎమ్మేలో జనరల్ వాళ్లకి 55 శాతం ఉండాలి. అందులో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి నెలకి 37,000 ఇస్తున్నారు, చెన్నైలో రూము అద్దె, మెస్సు పోగా కాస్త మిగులుతుంది. 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ అడ్మిషన్లు కూడా చూస్తున్నారు. కానీ ఏ సబ్జెక్టు పేపర్ రాస్తే ఏ డిపార్ట్‌మెంట్‌లో పోస్టుకి పనికొస్తుందో ముందే సరిచూసుకోవాలి, వైష్ణవంలో ఎమ్మే చేసినవాడు ఫిలాసఫీ లెక్చరర్ పోస్టుకి అప్లై చేస్తే కౌంటర్ దగ్గరే ఆపేసే చాన్సుంది. ఉద్యోగం చేసుకుంటూ రుచి చూడాలనుకునే ఓఎంఆర్ ఐటీ జనానికి ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో డిస్టెన్స్ ఫిలాసఫీ ఎమ్మే ఉంది, రాజీనామా లెటర్ టైపు చేసే ముందు అది ట్రై చేయడం తెలివైన పని.

టీచింగ్ బయట ఎక్కువ పనికొచ్చేది లా వైపు. టి.నగర్‌లో చీరలు కొనడానికి వెళ్లినవాళ్లు పనగల్ పార్కు పక్కనే దిగుతారు, ఆ పనగల్ రాజా తెలుగాయనే, పానగంటి రామరాయణింగారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని, ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి. గుళ్ల ఆస్తుల్ని ప్రభుత్వ బోర్డు కిందకి తెచ్చే బిల్లు 1922లో పెట్టి 1925లో గట్టెక్కించింది ఆయన సర్కారే. ఇప్పటి దేవాదాయ శాఖకి అది మొదటి మెట్టు. ఆ వరసలోనే 1954లో శిరూరు మఠం కేసు వచ్చింది, మద్రాసు ఎండోమెంట్స్ కమిషనర్ ఒకవైపు, మఠాధిపతి ఒకవైపు, మతంలో ఏది తప్పనిసరి భాగమో ఆ మతం సిద్ధాంతాలని బట్టే తేల్చాలని సుప్రీంకోర్టు అంది. అప్పట్నుంచి జడ్జీలు ఆగమాలూ ఖురానూ తెరవక తప్పడం లేదు. 1972 శేషమ్మాళ్ కేసులో వారసత్వ అర్చకత్వం, ఆ తర్వాత అన్ని కులాల అర్చకులు, ప్రతిసారీ ఆగమం ఏమంటోంది అనే దగ్గరే ఆగుతుంది వాదన. లా డిగ్రీ చేతిలో ఉండి ఆగమాలు సొంతంగా చదవగలిగే లాయర్లు ఎంతమంది ఉంటారు? మ్యూజియం, ఆర్కైవ్, పబ్లిషింగ్, రిపోర్టింగ్ కూడా ఉన్నాయి గానీ అక్కడ ఈ డిగ్రీ ఒక్కటే చూసి ఎవరూ తీసుకోరు, దానికి తోడు ఇంకో పని వచ్చి ఉండాలి. విదేశాలకి వెళ్లేవాళ్లు హార్వర్డ్ డివినిటీ స్కూల్ లాంటి చోట్ల రెండేళ్ల కోర్సులు చూస్తారు, ఆర్థిక సాయం ఇస్తామనే ఎయిడ్ లెటర్ చేతికొచ్చేదాకా టికెట్ మాట ఎత్తకపోవడం మంచిది, ఆ చదువుకి ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే తీర్చేది ఐటీ జీతం కాదు.

చేరాలని దాదాపు నిర్ణయం అయిపోయినవాళ్లు డిపార్ట్‌మెంట్‌కి వెళ్లినప్పుడు ప్రాస్పెక్టస్ పక్కన పెట్టి, గత నాలుగైదేళ్ల ఎమ్మే, పీహెచ్‌డీ డిసర్టేషన్ల లిస్టు చూపించమని అడగాలి. టైటిల్స్ చదివితే చాలు, అక్కడ మతాన్ని నేర్పుతున్నారో మతం గురించి నేర్పుతున్నారో తెలిసిపోతుంది. పర్మనెంట్ స్టాఫ్ ఎంతమంది, ఈ ఏడు నిజంగా అడ్మిషన్లు తీసుకుంటున్నారా, పరీక్ష ఏ భాషలో రాయొచ్చు, ఇవి కూడా అప్పుడే.

అదే రోజు టైముంటే కొట్టూర్‌పురంలో అన్నా లైబ్రరీ బిల్డింగ్‌కి వెళ్లొచ్చు, 1869 నాటి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఇప్పుడు అక్కడే ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కల్నల్ మెకంజీ పోగేయించిన కాగితాలు అందులో ఉన్నాయి, ఆయన 1821లో చనిపోయాడు, కానీ ఊరూరా తిరిగి గుడి ఎవరు కట్టారు, అమ్మవారు ఎందుకు వెలిసింది, మాన్యం ఎవరిది అని కరణాలనీ పూజారులనీ అడిగి రాయించింది ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, ఆయన తర్వాత తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ల కింద పనిచేసిన గుమస్తాలు. ఇప్పటి మాటలో ఫీల్డ్‌వర్క్. గొలుసుకట్టు రాత భయపెడితే కడప బ్రౌన్ లైబ్రరీ వాళ్లు వేసిన కడప జిల్లా కైఫీయత్తులు, అంటే అలా రాయించిన ఊళ్ల చరిత్రలు, అచ్చు పుస్తకాలుగా దొరుకుతాయి. ఏదో ఒక ఊరి కైఫీయత్ తెరిచి, దేవుడి కథ ఎక్కడ ఆగి భూమి లెక్క ఎక్కడ మొదలవుతోందో పెన్సిల్‌తో గీత గీయడానికి ప్రయత్నించండి. ఆ గీత మూడుసార్లు చెరిపి మళ్లీ గీయాల్సి వచ్చి, అయినా పుస్తకం మూయబుద్ధి కాకపోతే, అప్పుడు ఫారం నింపొచ్చు.